కళింగ యుద్ధం మీద అశోకుడి బాధ కళింగలో చెక్కలేదు, మన ఎర్రగుడిలో చెక్కారు. ఎందుకు?

పత్తికొండ_పిల్లోడు:
అందరికీ నమస్తే. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు నాయనను బండి మీద ఎక్కించుకుని ఎర్రగుడి పోయినా. పుట్టింది పెరిగింది పత్తికొండ పక్కనే, గుత్తి బస్సులో ఆ దారిన ఎన్ని వందల సార్లు పోయుంటానో, ఒక్కసారి కూడా దిగి చూడలే. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతుక్కోడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు కదా, చిన్నప్పుడు మేమూ నడుం పట్టేసేదాకా వంగి వెతికినోళ్ళమే, కానీ ఆ పక్కనే గుట్ట మీద 2200 ఏళ్ల నాటి అశోకుడి రాత ఉందని ఇంజనీరింగ్ అయిపోయినాక తెలిసింది నాకు.

మేం పోయేసరికి సాయంత్రం 4 దాటింది. నడినెత్తిన ఎండ ఉంటే బండంతా ఒకటే రంగు, ఏమీ కనపడదు, పొద్దు వాలేకొద్దీ వెలుగు పక్క నుంచి పడి ఒక్కో గీతలో సన్నటి నీడ నిలుస్తుంది, అప్పుడు అక్షరాలు ఒకటొకటే పైకి లేచినట్టు ఉంటాయి. ప్లస్ గుర్తులా ఉండేది 'క' అని ఫోన్లో బ్రాహ్మీ లిపి చార్ట్ చూసి నాయనకు చూపించినా. ఆయన ఐదో తరగతి దాకానే చదివినాడు, కానీ ఒక్కో ప్లస్ గుర్తు వెతికి "ఇదిగో క, ఇదిగో ఇంకో క" అని చూపిస్తా ఉన్నాడు, నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

అక్కడున్న అశోకుడి శాసనాల్లో 13వ దాని తెలుగు అర్థం చదివి వినిపించినా. పట్టాభిషేకం అయిన 8 ఏళ్లకు కళింగ గెలిచినా, లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించినారు, లక్ష మంది చచ్చిపోయినారు, అంతకు ఎన్నో రెట్లు జనం ఇంకా పోయినారు, అది తలుచుకుంటే బాధగా ఉంది, వాళ్లలో నూరో వంతు, వెయ్యో వంతు మందికి కష్టం వచ్చినా ఇప్పుడు నాకు బరువే అని రాజే చెప్పుకున్నాడు. నాయన అంతా విని "గెలిచినోడు ఎవడన్నా ఇట్ల రాయించుకుంటాడా" అన్నాడు.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఒడిశాలో ధౌలి, జౌగడ దగ్గర కూడా ఇవే శాసనాలు ఉన్నాయి, కానీ ఈ 13 మాత్రం అక్కడ చెక్కలేదు. యుద్ధం జరిగిన చోట లేదు, మా కాడ ఉంది. ఇది నన్ను నిద్రపోనీయడం లేదు. తెలిసినోళ్ళు చెప్పండి.

హిస్టరీ_మేడమ్:
మీ నాయన గారు వేసిన ప్రశ్న మా డిగ్రీ పిల్లలు కూడా వేయరండీ. నాకు తెలిసినంత చెప్తాను. ధౌలి, జౌగడల్లో లేనిది 13 ఒక్కటే కాదు, 11, 12, 13 మూడూ లేవు. వాటికి బదులు వేరే రెండు శాసనాలు పెట్టారు, వాటిని ప్రత్యేక శాసనాలు అంటాం. ఆ 12 ఏంటంటే మన మతాన్ని పొగుడుకుంటూ ఎదుటివాళ్ళ మతాన్ని కించపరచొద్దు, నోరు అదుపులో పెట్టుకోవాలి, అలా కించపరిచేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడు అని చెప్పేది.

ఎందుకు వదిలేశారో ఆయన నేరుగా ఎక్కడా చెప్పలేదు. కానీ 14వ శాసనంలో ఒక మాట ఉంది, ఎర్రగుడిలో కూడా ఉంది అది: నా రాజ్యం చాలా పెద్దది, కొన్ని క్లుప్తంగా, కొన్ని మధ్యస్తంగా, కొన్ని వివరంగా రాయించాను, అన్నీ అన్ని చోట్లా తగవు, కొన్ని చోట్ల ఆ స్థలం చూసి, కొన్ని చోట్ల రాసేవాడి తప్పు వల్ల అసంపూర్తిగా ఉండొచ్చు అని. చరిత్రకారులు ఎక్కువ మంది అనేదేంటంటే, అయినవాళ్ళని పోగొట్టుకున్న జనం ముందు మీలో లక్ష మంది చనిపోయారు అని రాజు లెక్క చెక్కిస్తే పుండు మీద కారం చల్లినట్టే, అందుకే వదిలేశారు అని. నాకు అది సబబుగానే అనిపిస్తుంది.

ఓరుగల్లు_77:
మేడమ్, గౌరవంతోనే అడుగుతున్న, అది సబబు ఎట్లయితది? ఎవ్వరికి అన్యాయం చేసిండో వాళ్లకు చెప్పకుండ వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్నోళ్లకు చెప్తే దాన్ని పశ్చాత్తాపం అంటమా? మా ఊర్ల ఒకడు పక్కింటాయన పొలం గుంజుకొని, ఇంకో ఊరు పోయి అక్కడి పంచాయతీల ఏడిస్తే ఎట్లుంటదో ఇది గట్లనే ఉంది. కళింగను తిరిగి ఇచ్చిండా? ఇయ్యలే. లక్షన్నర మందిని తిరిగి తోలిచ్చిన అని ఒక్క శాసనంల అన్న ఉన్నదా? లేదు. సైన్యం తీసేసిండా? ఉరిశిక్ష రద్దు చేసిండా? అదీ లేదు, చావు శిక్ష పడ్డోళ్లకు 3 రోజుల గడువు ఇస్తున్న, ఈ లోపట వాళ్ల బంధువులు ఎవరినన్న బతిమాలుకోవచ్చు అని స్తంభ శాసనంల రాసిండు.

ఇంకోటి చూడుండ్రి, అదే 13వ శాసనంల అడవి జనానికి ఒక బెదిరింపు ఉంటది. నేను బాధపడుతున్న గని నా దగ్గర బలం ఉన్నది, గది గుర్తు పెట్టుకొని సక్కగ ఉండుండ్రి, లేకుంటే చస్తరు అన్నట్టు. శాంతి అనే మాట పక్కనే కత్తి ఉన్నది. బుద్ధుడు గొప్పోడే, నాకు అందుల అనుమానం లేదు, కని రాజు బుద్ధుని పేరు ఎత్తుకున్నప్పుడు మనం కొంచెం ఆగి చూడాలె అంటున్న.

వంశధార:
నేను శ్రీకాకుళం దాన్ని. ఈ థ్రెడ్ చూసి రాయకుండా ఉండలేకపోయాను. పాత కళింగ అంటే అందరూ ఒడిశా అనుకుంటారు గానీ మా వంశధార ఒడ్డు కూడా కళింగమేనండి, ఇప్పటికీ కళింగపట్నం అనే ఊరు ఉంది మాకు, దానికి దగ్గర్లోనే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపం ఉంది, చిన్నప్పుడు స్కూల్ నుంచి పిక్నిక్‌కి తీసుకెళ్ళేవారు. అంటే ఆ లక్షలో, ఆ లక్షన్నరలో మావాళ్ళు కూడా ఉండే ఉంటారని నేను ఎప్పుడూ అనుకుంటాను.

తరలించారు అనే ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాను నేను. చనిపోయినవాళ్ళ గురించి అందరూ మాట్లాడతారు, ఆ లక్షన్నర మంది ఏమయ్యారు, ఏ అడవి నరకడానికి, ఏ భూమి దున్నడానికి తోలుకెళ్ళారు, వాళ్ళ పిల్లలు మళ్ళీ సముద్రం చూశారా అని ఎవరూ అడగరు. ఒక రాజు పుస్తకాల్లో శాంతి దూత అయ్యాడు, వాళ్ళు ఒక అంకె అయ్యారు. ఓరుగల్లు గారి మాటే నాదీ. క్షమాపణ అనేది ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పాలి.

నీలిజెండా_గుంటూరు:
వంశధార అక్కా, నీ బాధ కాదనను. కానీ ఒక్క మాట వినండి ఇద్దరూ.

మాది బౌద్ధం తీసుకున్న కుటుంబం, మా ఇంట్లో దసరా అంటే అశోక విజయదశమి. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో దీక్ష తీసుకుంది ఆ రోజే, ఊరికే ఎంచుకున్న రోజు కాదది. మన జెండా మధ్యలో 24 ఆకుల చక్రం, రూపాయి నోటు మీద సారనాథ్ సింహాలు, ఇవన్నీ అశోకుడివే, 1950 జనవరి 26 నుంచి అదే రాజముద్ర. ఇంతమంది రాజులుండగా ఆయన్నే ఎందుకు తీసుకున్నారు అని ఆలోచించండి.

రాజుల శాసనాలు ఎలా ఉంటాయో చూడండి. అలహాబాద్‌లో ఒక స్తంభం ఉంది, దాని మీద అశోకుడి శాసనాలున్నాయి. అదే రాయి మీద దాదాపు 600 ఏళ్ల తర్వాత సముద్రగుప్తుడి గొప్పలు చెక్కారు, ఎవరెవర్ని ఓడించాడో పేర్ల లిస్టు, అందులో మన వేంగి హస్తివర్మ ఉన్నాడు, మన పిఠాపురం రాజు ఉన్నాడు. ఒకే రాయి, పైన జీవుల్ని చంపొద్దనే మాట, కింద వీణ్ణి పట్టాను వాణ్ణి పట్టాను అనే మాట. లోకంలో రాజులందరూ రెండో రకమే రాయించుకున్నారు. నేను గెలిచి చేసింది ఘోరం అని, అది కూడా సొంత నోటితో, రాయి మీద, అందరూ చూసేలా రాయించుకున్నవాడు ఇంకొకడు నాకు కనపడలేదు. అది ఏ ఊళ్ళో రాయించాడు అనేది తర్వాత సంగతి, అసలు రాయించాడు కదా. ఇంతకీ అదే శాసనంలో మన ఆంధ్రుల పేరు ఉంది, ధర్మాన్ని పాటిస్తున్న జనాల్లో పుళిందుల పక్కన మనల్నీ చెప్పాడు.

ఓరుగల్లు_77:
తమ్మీ, గొప్పలు రాయించుకోకపోవుడు మంచిదే, ఒప్పుకుంటున్న. అయితే అశోకావదానంల 18,000 మంది ఆజీవికులను, అంటే అప్పటి వేరే మతం సన్యాసులను, చంపిచ్చిన కథ ఉంది కదా, దానికేమంటవ్?

హిస్టరీ_మేడమ్:
అది ఆయన పోయాక చాలా కాలానికి రాసిన కథల పుస్తకం అండీ, అందులో అద్భుతాలు కూడా బోలెడు. రాయి మీద ఉన్నది చూస్తే బీహార్‌లో బరాబర్ కొండల్లో అదే ఆజీవికులకి గుహలు తొలిపించి ఇచ్చిన శాసనాలున్నాయి, పట్టాభిషేకమైన 12వ ఏడువి. గ్రానైట్ లోపలి గోడలు అద్దంలా మెరుస్తాయి ఇప్పటికీ. పుస్తకానికీ రాయికీ పేచీ వస్తే నేను రాయి వైపే.

రుషికుల్య:
నమస్కారం. మాది బరంపురం, నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. జౌగడ మాకు దగ్గరే, పురుషోత్తంపూర్ వైపు, రుషికుల్య నది ఒడ్డున. పాత మట్టికోట ఆనవాళ్ళుంటాయి, మధ్యలో పెద్ద బండ, దాని మీద శాసనం. నేను నాలుగైదు సార్లు వెళ్ళాను, మా అబ్బాయి ప్రాజెక్టు కోసం ఆ ప్రత్యేక శాసనాలు మాట మాట చదివాను, అందుకని అక్కడ ఏం లేదో కాదు, ఏం ఉందో చెప్తాను.

అందులో మొదటి మాట, మనుషులందరూ నా బిడ్డలే, నా కన్నబిడ్డలకి ఇహంలో పరంలో సుఖం ఎలా కోరుకుంటానో అందరికీ అలాగే కోరుకుంటాను అని. అందరం ఇదే చెప్పుకుని ఆపేస్తాం. తర్వాత ఏముందో చూడండి. అది జనానికి చెప్పింది కాదు, అక్కడ తీర్పులు చెప్పే మహామాత్రులకి చెప్పింది. మీకు వేల మంది మీద అధికారం ఇచ్చాను, వాళ్ళ ప్రేమ సంపాదిస్తారనే ఇచ్చాను, కానీ మీకు నా ఉద్దేశం పూర్తిగా అర్థం కావట్లేదు, ఎవడో ఒకడు ఊరికే జైల్లో పడుతున్నాడు, హింస పడుతున్నాడు, వాడితో పాటు ఇంకా చాలామంది బాధపడుతున్నారు, అలా జరక్కూడదు అని. ఐదేళ్లకోసారి కోపం లేని, మెత్తటి మనిషిని తనిఖీకి పంపిస్తాను అంటాడు.

ఇంకోటి ఉంది, నాకు ఒళ్ళు జలదరించింది అది చదివినప్పుడు. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమి, అందరికీ చదివి వినిపించాలి, మధ్యలో కూడా వినిపించొచ్చు, ఒక్కడే ఉన్నా సరే వినిపించాలి అని. ఒక్కడే ఉన్నా సరే అన్నాడండి.

రెండో దాంట్లో సరిహద్దు అవతల ఉన్నవాళ్ళ సంగతి. రాజు మన విషయంలో ఏమనుకుంటున్నాడో అని వాళ్ళు భయపడుతుంటారు, నన్ను చూసి భయపడొద్దని, నా దగ్గర్నుంచి వాళ్ళకి కష్టం రాదని, క్షమించదగ్గది క్షమిస్తానని వాళ్ళకి నమ్మకం కలిగించండి అంటాడు. అంటే కళింగలో ఆయన నేను బాధపడుతున్నాను అని చెప్పలేదు, ఇకమీదట మిమ్మల్ని ఎవరు ఎలా చూడాలో చెప్పాడు. నాకైతే ఇదే ఎక్కువ అనిపించింది.

రిటైర్డ్_రెవెన్యూ:
బరంపురం బాబు గారికి నమస్కారాలు. నేను రెవెన్యూలో 34 ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాను. ఆ మొదటి ప్రత్యేక శాసనం మీరు చెప్పాక వెతికి పూర్తిగా చదివాను, రాత్రి రెండుసార్లు చదివాను. అధికారి న్యాయంగా నడవకపోవడానికి కారణాలు రాశాడు ఆ మహానుభావుడు, అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, బద్ధకం, అలసట. ఇవి మీలో లేకుండా చూసుకోండి, అన్నిటికీ మూలం కోపం తెచ్చుకోకపోవడం, తొందరపడకపోవడం అన్నాడు.

అలసట అని కూడా రాశాడు చూశారా. లంచం అని రాయలేదు, అలసట అన్నాడు. ఉద్యోగం చేసినవాడికి తెలుస్తుంది అది. ఒకసారి సాయంత్రం 6 దాటాక ఒక ముసలావిడ పాస్‌బుక్కు కోసం వచ్చింది, అప్పటికి మూడోసారో నాలుగోసారో రావడం, నాకు ఆ రోజు తల పగిలిపోతోంది, రేపు రామ్మా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. తర్వాత రాలేదు. కొడుకు వచ్చాడు పది రోజులకి, తల గొరిగించుకుని ఉన్నాడు. నేను ఆవిడ మీద కోపంతో అనలేదు, డబ్బు కోసం అనలేదు, అలసిపోయి అన్నాను. ఇన్నేళ్ళకి ఆ మాట ఒక రాజు శాసనంలో కనపడేసరికి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది.

రాజు బౌద్ధం ప్రచారం చేశాడా, రాజకీయం చేశాడా అని మీరు వాదించుకోండి నాయనా, నాకు మాత్రం ఈ రాసినవాడు ఆఫీసు లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడు, అది బాగుపడాలని నిజంగా కోరుకున్నవాడు అనిపించింది.

ఓరుగల్లు_77:
సార్, మీ పోస్ట్ చదివి కొద్దిసేపు ఫోన్ పక్కన పెట్టిన. ఏమనాల్నో తెలుస్తలేదు. మీరు గది ఇక్కడ రాసుడే పెద్ద సంగతి.

గ్రూప్స్_ప్రిపరేషన్:
మధ్యలో వస్తున్నందుకు సారీ. మా కోచింగ్ నోట్సులో కళింగ యుద్ధం చూసి మనసు మారి బౌద్ధం తీసుకున్నాడు అని ఒక్క లైన్ ఉంటుంది. కానీ పై చర్చలో ఎక్కడా బుద్ధుడి పేరు రావట్లేదు శాసనాల్లో, అంతా ధమ్మం ధమ్మం అనే ఉంది. మరి దీన్ని బౌద్ధ శాంతి అనొచ్చా మేడమ్?

హిస్టరీ_మేడమ్:
మంచి ప్రశ్న. పెద్ద శిలాశాసనాల్లో, అంటే మనం నంబర్లతో చెప్పుకుంటున్న వీటిలో, బుద్ధుడి బోధ అని ఎక్కడా పేరు పెట్టి చెప్పడు, 8వ దాంట్లో మాత్రం పదో ఏట సంబోధికి, అంటే బోధగయకి వెళ్ళానంటాడు, వేట విహారాలు మానేసి ఇక ఇలాంటి యాత్రలే చేస్తానంటాడు. పేరు పెట్టి చెప్పేది వేరే చోట్ల. రాజస్థాన్‌లో దొరికిన భాబ్రూ శాసనంలో బౌద్ధ భిక్షువుల సంఘానికి నమస్కారం చెప్పి బుద్ధుడు చెప్పిందంతా మంచి మాటే అని, ఏ ఏ సూత్రాలు వినాలో కూడా చెప్తాడు. లుంబినిలో 20వ ఏట స్వయంగా వెళ్ళి పూజ చేసి, బుద్ధుడు పుట్టిన ఊరని పన్ను తగ్గించి ఎనిమిదో వంతు చేశాడు. అంటే తన సొంత నమ్మకం సంఘం దగ్గర, అందరికీ పనికొచ్చేది అందరి దగ్గర.

యుద్ధం మర్నాడే మారిపోలేదు కూడా. చిన్న శిలాశాసనంలో ఆయనే ఒప్పుకుంటాడు, రెండున్నరేళ్ళకి పైగా ఉపాసకుణ్ణి, అంటే భిక్షువు కాకుండానే బౌద్ధం పాటించేవాణ్ణి, కానీ గట్టిగా ప్రయత్నించలేదు, ఏడాది పైగా సంఘానికి దగ్గరయ్యాకే గట్టిగా మొదలెట్టాను అని. సినిమాలో చూపించినట్టు కత్తి పడేసి మోకాళ్ళ మీద కూలబడే సీన్ కాదు అది, మెల్లమెల్లగా మారిన మనిషి.

మొదటి శాసనంలో వంటింటి సంగతి చూడండి: ఒకప్పుడు నా వంటశాలలో రోజూ లక్షల జీవుల్ని చంపేవారు, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందు ముందు ఈ మూడూ ఉండవు. పూర్తిగా మానేశాను అని గొప్పలు చెప్పుకోవచ్చు కదా, చెప్పుకోలేదు. ఇంకా మూడు చంపుతున్నాం అని సరిగ్గా చెప్పాడు. అందుకే నాకు ఆ మనిషి మీద నమ్మకం.

ఇంకో విషయం, నా మాట నేనే కొంచెం వెనక్కి తీసుకోవాలి. 1986లో కర్ణాటక సన్నతిలో చంద్రలాంబ గుడి దగ్గర కాళికాదేవి గుడి పైకప్పు కూలినప్పుడు విగ్రహం కింద పీఠంగా వాడిన రాతి పలక బయటపడింది, దాని మీద అశోకుడి శాసనాలు. అందులో 12, 14తో పాటు కళింగకే ప్రత్యేకం అనుకున్న ఆ రెండు శాసనాలు కూడా ఉన్నాయి! అంటే అధికారులకి ఇచ్చిన ఆ ఆజ్ఞలు కళింగవాళ్ళని మాత్రమే ఉద్దేశించి కాదు. కానీ ధౌలి, జౌగడల్లో 13 లేదన్న విషయం మాత్రం అలాగే ఉంది.

వంశధార:
అంటే మాకు ప్రత్యేకంగా ఇచ్చింది అనుకున్నది కూడా మాకొక్కరికే కాదన్నమాట. రుషికుల్య గారి పోస్ట్ చదివి కొంచెం మెత్తబడ్డాను, మేడమ్ పోస్ట్ చదివి మళ్ళీ మొదటికొచ్చాను.

కోపం కాదండి. మా కళింగవాళ్ళు తర్వాత ఊరుకోలేదని నాకూ తెలుసు, మా రాజు ఖారవేలుడు వచ్చి అశోకుడు ఏలిన మగధ మీదకే వెళ్ళాడు, ధౌలికి దగ్గర్లోనే ఉదయగిరి గుహలో ఏ ఏడు ఎవరి మీదకి వెళ్ళాడో వరసగా చెక్కించుకున్నాడు. నీలిజెండా తమ్ముడు చెప్పిన రెండో రకం రాతే అది, మావాళ్ళదే. ఒక చోట నొప్పి గురించి రాసినది లేదు, ఇంకో చోట గెలుపు గురించి రాసింది ఉంది. మధ్యలో పోయినవాళ్ళ గురించి మా గడ్డ మీద ఎక్కడా ఏమీ లేదు. అదే నా బాధ.

నీలిజెండా_గుంటూరు:
అక్కా, ఆ మాట నిజం. నేను దానికి జవాబు చెప్పలేను. ఒక్కటి మాత్రం అడుగుతా, ఆ లక్ష, ఆ లక్షన్నర అనే అంకెలు మనకెలా తెలుసు? ఇంకే పుస్తకంలోనూ లేవు. చంపించినవాడే రాయకపోతే మనకి వాళ్ళు ఉన్నారని కూడా తెలిసేది కాదు. ఎర్రగుడి బండ మీద, అవతల పాకిస్తాన్‌లో షాబాజ్‌గఢీ బండ మీద ఆ లెక్క ఉండబట్టే ఇవాళ నువ్వు అడగ్గలుగుతున్నావు. మా తాతల మీద జరిగినదానికి చేసినవాళ్ళు రాసిన కాగితం ఒక్కటి కూడా లేదు, అందుకని నాకు ఆ రాత విలువ ఇంకోలా కనిపిస్తుంది.

పత్తికొండ_పిల్లోడు:
ఇన్ని పోస్టులు వస్తాయని అనుకోలేదు. అన్నీ నాయనకు ఫోన్లో చదివి వినిపిస్తా ఉన్నా. రెవెన్యూ సార్ పోస్ట్ విన్నాక చాలాసేపు మాట్లాడలేదు ఆయన.

మా ఎర్రగుడి చిన్న శాసనం గురించి కూడా చెప్పాల. అందులో కొన్ని లైన్లు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు ఉంటాయి, ఎద్దులు అరక తిప్పినట్టు. ఈ మాట చెప్తే నాయన "సాలు పోయి సాలు వచ్చినట్టు రాసినాడా" అన్నాడు, ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. అందులో విషయం, తల్లిదండ్రుల మాట వినాల, ప్రాణుల మీద దయ ఉండాల, నిజం చెప్పాల. దీన్ని ఏనుగుల మావటీలకు, రాతగాళ్ళకు, బ్రాహ్మణులకు చెప్పండి అని ఉంది, రాతగాళ్ళకు అక్కడ వాడిన మాట కరణకులు. మా ఊరి కరణం గుర్తొచ్చినాడు వెంటనే. ఇంకా నాకు బాగా నచ్చింది, ఇది గొప్పోళ్ళు మాత్రమే చేయగలిగేది కాదు, చిన్నోడు కూడా ప్రయత్నం చేస్తే అందుకోగలడు అనే మాట.

ఓరుగల్లు అన్నా, మీ ప్రశ్నకు నా కాడ జవాబు లేదు ఇప్పటికీ. ఆ అడవి జనం మాట నాకూ గుచ్చుకునింది. కానీ దాని కిందనే, నా కొడుకులు, మనవళ్ళు కొత్తగా దేశాలు గెలవాలని అనుకోకూడదు, ఒకవేళ గెలిచినా ఓర్పుతో, తేలికపాటి శిక్షతో ఉండాల అని రాసినాడు. వద్దు అంటానే, ఒకవేళ అంటే అని కూడా అనుకున్నాడు. అది చదివితే ఒక తండ్రి భయం కనపడింది నాకు.

ఓరుగల్లు_77:
తమ్మీ, నా మాట నేను పూర్తిగ వాపస్ తీసుకోను. కత్తి ఒరలనే ఉన్నది, పారేయలే, అది చరిత్ర. కని యుద్ధ భేరి మోత పోయి ధర్మ భేరి మోత వచ్చింది అని 4వ శాసనంల అన్నడు కదా, అది ఉత్త మాట అని మొన్నటిదాక అనుకున్న. రుషికుల్య అన్న చెప్పిన ఒక్కడే ఉన్నా సరే చదవాలె అన్న ముచ్చట మనసుల పడ్డది. ఉత్త ప్రచారం చేసేటోడు ఒక్కని కోసం ఎందుకు చదివిస్తడు, మంది జమైనప్పుడే చదివిస్తడు గని.

రుషికుల్య:
వంశధార అమ్మా, ఒక మాట. శ్రీకాకుళం నుంచి బరంపురం రైల్లో పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి మా ఇంట్లో భోజనం చేయొచ్చు. మా ఆవిడ కూడా రమ్మంటోంది. జౌగడ నేను చూపిస్తాను. అక్కడ 13 లేదు అన్నారు కదా, మీరే తీసుకొచ్చి చదవండి అక్కడ. క్యాలెండర్ చూశాను, వచ్చే పుష్యమి ఆదివారమే.

వంశధార:
వెళ్ళొచ్చానండి. ఆలస్యంగా రాస్తున్నాను, ఏం రాయాలో తెలియక.

రుషికుల్య గారు, ఆంటీ, వాళ్ళ అబ్బాయి, నేను, మా చెల్లి. మబ్బు పట్టి ఉంది ఆ రోజు, బండ మీద అక్షరాలు సరిగ్గా కనపడలేదు. పత్తికొండ తమ్ముడు పెట్టిన తెలుగు అర్థాన్ని పేపర్ మీద రాసుకుని తీసుకెళ్ళాను. మొదట వాళ్ళ అబ్బాయి అక్కడ ఉన్న శాసనం ఒడియాలో చదివాడు, తర్వాత నేను 13 చదివాను. దూరంగా గొర్రెలు కాసుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు, తెలుగు అర్థం కాలేదనుకుంటా, అయినా నిలబడ్డాడు. లక్షన్నర దగ్గర గొంతు ఆగిపోయింది, మా చెల్లి పేపర్ అందుకుని మిగతాది చదివింది.

అయిపోయాక ఆ పెద్దాయన ఏంటది అని అడిగాడు. రుషికుల్య గారు ఒడియాలో మొత్తం చెప్పారు, ఆయన తాపీగా విన్నాడు, అప్పుడు చనిపోయినవాళ్ళు ఏ ఊరివాళ్ళు అని అడిగాడు. ఇక్కడి వాళ్ళే అని చెప్పారు. ఆయన తలపాగా తీసి భుజాన వేసుకుని, బండ వైపు తిరిగి దండం పెట్టి, గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పత్తికొండ తమ్ముడూ, ఎండాకాలం పోయాక నేను ఎర్రగుడి వస్తాను. గుత్తిలో దిగితే బస్సు దొరుకుతుందా? మీ నాయన గారిని కలవాలి.

పత్తికొండ_పిల్లోడు:
అక్కా, గుత్తిలో రైలు దిగి పత్తికొండ పోయే బస్సు ఎక్కు, ఎర్రగుడి దారిలోనే వస్తుంది. సాయంత్రానికి గుట్ట కాడ ఉండేట్టు రా, అప్పుడే అక్షరాలు కనపడేది. నాయన స్టేజీ కాడికే వచ్చి నిలబడతానన్నాడు.